గేట్ మూడువందలవ ఆట

గురువారం సాయంత్రం ప్రాక్టీసుకి ముందు తన చీలమండకి నేను టేపు చుడుతుంటే గేట్ నన్ను బెరిల్ అని పిలిచాడు.

నా పేరు లియోనీ. బెరిల్ నాకంటే ముందు ఈ ఫుట్‌బాల్ క్లబ్బులో ట్రైనర్. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె శవపేటిక మోసిన ఆరుగురిలో గేట్ ఒకడు.

"ఇంకొంచెం గట్టిగా చుట్టు, బెరిల్," అన్నాడు మామూలుగా.

నేను సరిదిద్దలేదు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

మా దగ్గర ట్రైనర్ అంటే ఆట నేర్పే మనిషి కాదు. వారమంతా నేను స్కూలు బస్సు నడుపుతాను. శనివారాలు ఆటగాళ్ళకి టేపు చుడతాను, నీళ్ళ సీసా పట్టుకుని మైదానంలోకి పరిగెడతాను, ఎవరు పడిపోతే వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాను. ఆట అయ్యాక గాయాల పుస్తకం రాస్తాను. లీగ్ వాళ్ళు నమ్మేది ఆ పుస్తకాన్నే.

రెండు వారాల కిందట ఆ పుస్తకంలో నేను అబద్ధం రాశాను.

ఆ రోజు వెడ్జ్ హిల్‌లో ఆట. మా ఫుట్‌బాల్లో బంతిని చేత్తో కూడా పట్టుకోవచ్చు. ఎగిరి బంతి అందుకోబోయిన గేట్‌కి ఎదుటివాడి మోకాలు చెవి పక్కన తగిలింది. పడ్డాడు. నేను చేరుకునేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో మనిషి లేడు. పది లెక్కపెట్టాక లేచి నిలబడ్డాడు. నిలబడి, నేరుగా ఎదుటి జట్టు బెంచీ వైపు నడిచాడు. నేను చెయ్యి పట్టుకుని తిప్పాను. అందరూ కుంటుతున్నాడనుకున్నారు.

తలకి దెబ్బ తగిలిందని రాస్తే మూడు వారాలు ఆడకూడదు. అది రూలు. సీజన్లో మిగిలినవి రెండే ఆటలు. గేట్‌కి అప్పటికి రెండువందల తొంభై ఎనిమిది ఆటలయ్యాయి. సీజన్ చివర విరమిస్తానని ఏప్రిల్లోనే చెప్పేశాడు. "రెండే కదా లియోనీ," అన్నాడు. అప్పుడు నా పేరు సరిగ్గానే చెప్పాడు. నేను "ఎడమ చీలమండ బెణికింది" అని రాశాను.

పోయిన శనివారం రెండువందల తొంభై తొమ్మిదో ఆటలో ఎవరిదో మోచెయ్యి మళ్ళీ అక్కడే తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఆట అయ్యాక చూస్తే బూట్లు, సాక్సులతోనే షవర్ కింద కూర్చుని ఉన్నాడు.

ట్రైనర్ల శిక్షణలో ఒక నర్సు చెప్పిన మాట నేను మర్చిపోలేను. తల లోపలి మొదటి దెబ్బ మానకముందే ఇంకోటి తగిలితే ఒక్కోసారి మెదడు ఉబ్బిపోతుంది, అప్పుడు మనకి మిగిలేవి నిమిషాలే అంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడి ఫోటో చూపించింది. అతను ట్రైనర్ చేతి నీళ్ళు తాగుతూ ఒరిగిపోయాడట. అప్పటి నుంచి నా కలల్లోకి ఆ కుర్రాడు కాదు, ఆ ట్రైనర్ వస్తుంది.

శనివారం ఉదయం ఎనిమిదింటికే క్లబ్బు హాల్లో బల్లలన్నీ గోడకి జరిపేశారు. నేల మీద నీలం, పసుపు క్రేప్ కాగితం పరిచారు. పాతిక అడుగుల పొడవు, రెండు నిలువుల ఎత్తు. పెద్ద మైలురాయి దాటే ఆటగాడు ఆ కాగితాన్ని చీల్చుకుంటూ మైదానంలోకి రావాలి. మూడు రోజులు కష్టపడి చేసింది మూడు సెకన్లలో చినిగిపోతుంది. అయినా దాని మీద ఏం రాయాలన్న దానికి మా ఊళ్ళో జరిగినంత గొడవ కౌన్సిల్ ఎన్నికలకి కూడా జరగదు.

బ్యానర్ పెత్తనం బేకరీ ట్రూడీది. మోకాళ్ళ మీద పాకుతూ టేపు అతికిస్తోంది. నేను అంచులు పట్టుకున్నాను. పీతల పడవ నడిపే నికో పని చేస్తానని వచ్చి, కుర్చీలో కూర్చుని, ట్రూడీ బేకరీ నుంచి తెచ్చిన, మాంసం కూరిన పైలు తింటున్నాడు. మూల బల్ల దగ్గర మెర్వ్ కూల్మన్. డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళుగా క్లబ్బు రికార్డులన్నీ ఆయన చేత్తో రాసినవే. ఎవరు ఎన్ని ఆటలు ఆడారో, ఎన్నిసార్లు బంతి తన్నారో, ఆయన పుస్తకంలో లేకపోతే అది జరగనట్టే.

"మన పోర్ట్ హాలిస్‌లో అందరికంటే గొప్ప ఆటగాడు" అని రాయాలని ట్రూడీ పట్టు. అక్షరాలు కూడా కత్తిరించి పెట్టుకుంది.

"కాదు," అన్నాడు మెర్వ్, తల ఎత్తకుండా.

"ఏం కాదు?"

"గొప్ప ఆటగాడు అను. ఒప్పుకుంటా. అందరికంటే అనకు."

అక్కడ మొదలైంది. నాలుగు ఫైనల్స్ ఆడాడు, నాలుగూ ఓడాడు అన్నాడు మెర్వ్. వాటిల్లో ఒకటి ఆఖరి నిమిషంలో గేట్ చేతుల్లోంచే జారింది. ఆ బంతిని రాత్రంతా వాన తడిపింది, సబ్బు ముక్కలా ఉంది, దేవుడు పట్టుకున్నా జారేది అంది ట్రూడీ. దేవుడు మన జట్టుకి ఆడినట్టు తన పుస్తకంలో లేదన్నాడు మెర్వ్.

ట్రూడీ వదల్లేదు. ఇరవై ఏళ్ళప్పుడు అడిలైడ్ పెద్ద క్లబ్బు పిలిస్తే ఆరు వారాల్లో తిరిగొచ్చి మనకే ఆడాడు, అది ఎవరు చేస్తారంది. ఇక్కడ నికో తింటున్న మాంసం పైని పక్కన పెట్టాడు. తిరిగొచ్చింది ప్రేమతో కాదు, భయంతో అన్నాడు. ఇక్కడైతే గోల్ ముందు గేటు, అక్కడైతే ఆ గేటుకి చిన్న బోల్టు. ఎవడు ఉంటాడక్కడ?

"మరి పద్దెనిమిదికి పద్దెనిమిదీ ఓడిన ఏడాది?" అంది ట్రూడీ. "నువ్వు ఆ ఏడాది భుజం నొప్పని పడవెక్కేశావు. వాడు ఒక్క ఆట మానాడా?"

నికో మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. మెర్వ్ పాత పుస్తకం ఒకటి లాగి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివాడు. పద్దెనిమిది ఆటలు, పద్దెనిమిది ఓటములు. పదకొండింట్లో మన వైపు అందరికంటే బాగా ఆడింది గేటే. "ఇది మాత్రం నిజం," అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు అంటే అంతే.

"అయినా అందరికంటే గొప్ప ఎవరో నీ మనసులో ఉంది కదా," నికో గెలికాడు. "మీ తమ్ముడు కాలిన్ అని చెప్పొచ్చుగా, సిగ్గెందుకు?"

మెర్వ్ పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పోనీ, నా సంగతి చెప్పు ముసలోడా. ఉరుముల మ్యాచ్ ఎప్పుడు లెక్కేస్తావ్?" అన్నాడు నికో.

ఇది పదహారేళ్ళ గొడవ. ఆ రోజు మూడో క్వార్టర్ చివర మైదానం దీపస్తంభం మీద పిడుగు పడింది. అంపైర్లు ఆట ఆపేశారు. లీగ్ పాయింట్లు మనకే ఇచ్చింది. కానీ నాలుగు క్వార్టర్లు ఆడితేనే ఆట అన్నాడు మెర్వ్. తన పుస్తకంలో ఎక్కించలేదు. ఆ రోజు ఆడిన ఇరవై ఒక్క మందికి ఒక్కో ఆట పోయింది. నికో తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. వంద ఆడినవాళ్ళ పేర్లు గోడ మీద బంగారు రంగులో ఉంటాయి. నికో రోజూ ఆ గోడ కిందే బీరు తాగుతాడు.

"తొంభై తొమ్మిదికి గోడ లేదు," అన్నాడు మెర్వ్. "రెండువందల తొంభై తొమ్మిదికీ లేదు. ఈ క్లబ్బులో మూడు వందలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఈ రోజు గేట్ మైదానంలోకి దిగితేనే ఆ అంకె. దిగకపోతే, మంచివాడు, చాలాకాలం ఆడాడు అంటారు. రెండేళ్ళకి అదీ అనరు."

పట్టుకున్న కాగితం అంచు వదిలేశాను. ట్రూడీ చూసింది.

"ఒకవేళ ఈ రోజు ఆడకపోతే?" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. ట్రూడీ టేపు కింద పెట్టింది. "ఆ చీలమండ అంత పాడైందా? బెణుకు అనే కదా రాశావు."

"అవును," అన్నాను. "బెణుకే."

"అయితే నాలుగు చుట్లు ఎక్కువ చుట్టు," అన్నాడు నికో. "ఊరు ఊరంతా వస్తోంది. ఆడకుండా ఆపినవాళ్ళు ఈ ఊళ్ళో మళ్ళీ రొట్టె కొనుక్కోలేరు." తర్వాత బ్యానర్ రెండో వైపు ఖాళీగా ఉందని చూసి, "దాని మీద 'ఇక ఇంటికి పోరా గేట్' అని రాయండి, సరిపోతుంది," అన్నాడు. ట్రూడీ కూడా నవ్వింది.

నేను నవ్వలేక టేపు గదిలోకి వెళ్ళిపోయాను. నికో చెప్పింది హాస్యం కాదని నాకు తెలుసు. నేను నడిపే బస్సులో ఎక్కేది వీళ్ళ పిల్లలే. నిజం చెబితే అబద్ధం రాసినదాన్ని అవుతాను, మూడు వందలు లాక్కున్నదాన్నీ అవుతాను. చెప్పకపోతే, ఆ రోజు సాయంత్రానికి నేనే ఆ ఫోటోలోని కుర్రాడికి నీళ్ళిచ్చిన ట్రైనర్‌ని.

వెనకే తలుపు తెరుచుకుంది. మెర్వ్. చంకలో ఈ ఏడాది పుస్తకం.

"చీలమండ కాదు కదా," అన్నాడు.

ఆయన పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "ఇరవై ఏళ్ళుగా గేట్ ప్రతి కదలికా రాస్తున్నా. తప్పు వైపు తిరగడం ఒక్కసారి కూడా రాయలేదు. పోయిన శనివారం రెండుసార్లు రాశా. చీలమండ బెణికితే మనిషి కుంటుతాడు లియోనీ, దారి తప్పడు."

అప్పుడు చెప్పేశాను. మోకాలు, ఎదుటి బెంచీ, షవర్, అన్నీ. ఆఖర్న, గురువారం నన్ను బెరిల్ అని పిలిచాడని చెప్పాను.

మెర్వ్ బెంచీ మీద కూర్చున్నాడు.

"కాలిన్ నన్ను ఆరేళ్ళు నాన్నా అని పిలిచాడు," అన్నాడు. "మొదట్లో ఒకటీ అరా. వేళాకోళం అనుకున్నాం. తాగుడు వల్ల అని ఊరంతా అంది, మేమూ అదే అన్నాం. వాడు తాగేవాడే కాదు. ఆటలో తలకి దెబ్బలు తినేవాడు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు పుస్తకం సరిచెయ్యి. నేనూ ఒకటి సరిచెయ్యాలి." అని లేచి వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకి గేట్ వచ్చాడు. బయట మైదానం చుట్టూ కార్లు ముక్కులు లోపలికి పెట్టి వరసగా నిలిచిపోయాయి. సముద్రం మీది గాలి రేకుల్ని ఊపుతోంది. అతను ఎప్పటిలాగే బల్ల మీద కూర్చుని ఎడమ కాలు చాపాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. కాలు చాపితే గదిలో సగం అతనే.

నేను టేపు ముట్టుకోలేదు. గాయాల పుస్తకం తెరిచి, అతను చూస్తుండగా, రెండు వారాల కిందటి వరస కొట్టేశాను. పైన "తలకి దెబ్బ. స్పృహ తప్పింది. అప్పుడు రాయలేదు, తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు వంకరగా పడ్డాయి.

"ఏం రాస్తున్నావ్?"

"అప్పుడు రాయాల్సింది."

గేట్ లేచాడు. నా మీదికి వస్తాడనుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్ళి, దాన్ని మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు ఆ వీపుని దాటి ఎవరూ గోల్ చేరలేదని ఊరు చెప్పుకునేది. ఆ గదికి వేరే దారి లేదు.

"ఆ పేజీ చింపెయ్," అన్నాడు.

"చింపను డాలస్."

అతని అసలు పేరు అదే, డాలస్ లీనర్ట్. ఎవరూ ఆ పేరు పిలవరు. ఆ పేరు తనదని అతనికి గుర్తుందో లేదో చూద్దామని పిలిచాను. అతని మొహంలో ఏమీ కదల్లేదు. చేతులు మాత్రం పిడికిళ్ళు బిగిశాయి. ఎప్పుడూ ఎవరినీ కసురుకోని మనిషి అతను. ఆ దెబ్బ తర్వాత అతనిలో ఇంకా ఏం మారిందో నాకు తెలియదు.

"బయట నా పిల్లలున్నారు. నాతోపాటు ఆ కాగితం చింపాలని రాత్రి నిద్ర కూడా పోలేదు వాళ్ళు. ఒక్క ఆట. నాలుగు క్వార్టర్లు. నీకేం పోతుంది?"

"నువ్వు," అన్నాను.

ఒక అడుగు ముందుకి వేశాడు. పుస్తకం నా గుండెకి అదుముకున్నాను. అప్పుడు తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది.

"గేట్, తియ్యి. నేను, మెర్వ్."

గేట్ కదల్లేదు.

"సరే, తియ్యకు. ఇక్కడి నుంచే చెబుతా. నీకు మూడు వందలు పోయిన శనివారమే అయిపోయాయి. ఉరుముల మ్యాచ్ ఎక్కించాను. ఇప్పుడే, సిరాతో."

గేట్ మెల్లగా తిరిగి తలుపు తీశాడు. మెర్వ్ చేతిలో పదహారేళ్ళ కిందటి పుస్తకం. పేజీ మీద ఇరవై ఒక్క కొత్త గీతలు, ఇంకా తడిగా ఉన్నాయి.

"అది ఆట కాదన్నావు కదా నువ్వు," అన్నాడు గేట్. గొంతులో కోపం ఉంది. "పదహారేళ్ళు ఈ ఊరంతా అడిగితే కాదన్నావు. నా మీద జాలేసిందా?"

"జాలి కాదు. మూడు క్వార్టర్లు ఆడి పిడుగు పడితే ఇంటికెళ్ళడం తప్పని రాశాన్నేను. అక్కడే నిలబడి ఉండాల్సిందని. ఎంత బుద్ధి తక్కువ మాటో ఈ రోజు తెలిసింది."

గేట్ ఆ పేజీ వంకే చూస్తున్నాడు. తన పేరు వెతుక్కుంటున్నాడనుకున్నాను. వేలు వరస మీద కిందికి వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ కిందికి. తన పేరు మూడో వరసలోనే ఉంది. మెర్వ్ ఆ వేలిని పట్టుకుని అక్కడ ఆపాడు.

అప్పుడు గేట్ బల్ల మీద కూలబడ్డాడు.

"మంగళవారం పిల్లల్ని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరా," అన్నాడు. "ధాన్యం నిలవచేసే సైలోల దగ్గర కుడికి తిరగాలి. పుట్టినప్పటి నుంచీ అదే దారి. ఎటు తిరగాలో తెలీలేదు. బండి ఆపేశా. ఇదో ఆట అనుకుని పెద్దదే దారి చెప్పింది. కెరిన్‌కి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు." చేతులు చూసుకున్నాడు. "ఆట మొదలైతే సర్దుకుంటుందనుకున్నా. అక్కడ ఎటు నిలబడాలో తెలుసుగా."

నేను అతని భార్య కెరిన్‌కి ఫోన్ చేశాను. తర్వాత కోచ్‌కి చూపించాను. కోచ్ పుస్తకం రెండుసార్లు చదివి, నన్ను ఏమీ అనకుండా జట్టు జాబితాలో ఒక పేరు కొట్టేశాడు. ఆ ఏమీ అనకపోవడం నాకు చాలాకాలం గుర్తుంటుంది. సోమవారం ఈ పేజీ లీగ్‌కి వెళుతుంది. ఆపైన నన్ను ట్రైనర్‌గా ఉంచుతారని నేను అనుకోవడం లేదు.

రెండుంబావుకి బ్యానర్ లేపారు. గాలికి అది తెరచాపలా ఉబ్బింది. నికో, ఇంకో ఐదుగురు కర్రలు పట్టుకున్నారు. నికో మొహం వెలిగిపోతోంది, అతనికి వంద అయ్యాయి మరి. "అందరికంటే" అన్న ముక్క బ్యానర్ మీద లేదు. మెర్వ్ దాని మీద మాత్రం లొంగలేదు. ఒక వైపు మూడు వందల అంకె. రెండో వైపు, గేట్‌కి ఎదురుగా, "ఇక ఇంటికి పోరా గేట్" అని ఉంది. ట్రూడీ అన్నీ తెలిశాక ఆ అక్షరాలు తనే కత్తిరించింది. ఏడుస్తూ కత్తిరించిందని నికో చెప్పాడు. అక్షరాలు ఒక వరసలో లేవు.

గేట్ ట్రాక్ సూట్లో, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని పరిగెత్తాడు. కాగితం చిరిగింది. కార్లన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. ఆ మోత సైలోలకి తగిలి తిరిగి వచ్చింది. నేను మెర్వ్ పక్కన కంచె దగ్గర నిలబడి ఊపిరి వదిలాను. మధ్యాహ్నం నుంచి అదే మొదటిసారి.

అనుకున్నదేమిటంటే, కాగితం దాటాక అతను జనానికి చెయ్యి ఊపి, పక్కకి వచ్చి కెరిన్ దగ్గర కూర్చోవాలి.

అతను పక్కకి రాలేదు. పిల్లల చేతులు వదిలేశాడు. జట్టుతోపాటు మైదానంలోకి పరిగెత్తి, నేరుగా గోల్ ముందుకి వెళ్ళి, ఇరవై ఏళ్ళు నిలబడ్డ చోట నిలబడ్డాడు. మోకాళ్ళు కొంచెం వంచాడు. భుజాలు తిప్పాడు.

జనం ఇంకా గట్టిగా హారన్లు కొట్టారు. వీడ్కోలు అనుకున్నారు. ట్రూడీ చప్పట్లు కొడుతోంది. ఎదుటి జట్టువాడు వచ్చి చెయ్యి కలిపాడు. గేట్ చెయ్యి కలిపి, వాడి పక్కనే కాపలా నిలబడ్డాడు. అంపైర్ బంతి పట్టుకుని మధ్యలోకి నడుస్తున్నాడు.

"వీడ్కోలేనా అది?" అన్నాడు మెర్వ్, నాకు మాత్రమే వినబడేలా.

నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తాను. ఆ నూట యాభై గజాలు నాకు తరగలేదు. దగ్గరికి వెళ్ళేసరికి అతను సైలోల వంక చూస్తున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత ఎలాంటిదో నేను చెప్పలేను.

సీసా వెనక దాచుకున్నాను. నీళ్ళు ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"డాలస్, ఇంటికి పోదాం పద. పిల్లలు చూస్తున్నారు."

అతను నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. వెనక అతని పెద్ద కూతురు గడ్డి మీద పరిగెత్తుకొస్తోంది. వచ్చి వేలు పట్టుకుంది. "ఇటు నాన్నా," అంది, కుడి వైపు చూపిస్తూ.

"వస్తున్నా," అన్నాడు గేట్ నాతో.

వెంట ఒక పేరు కూడా, లియోనీ అనో బెరిల్ అనో, అంటాడేమోనని నిలబడ్డాను. ఏ పేరూ అనలేదు. కూతురు చూపించిన వైపు నడిచాడు.